ఊదక్క రాసిన ‘రాలేదు’

మా డిపోలో బండి ఎక్కాలంటే ముందు ఊదాలి. మేనేజరైనా సరే ఊదాల్సిందేనని గోడ మీద రాసి ఉంటుంది. మేనేజరు బండి నడపడు కాబట్టి ఆ ముక్క ఊరికే మా సంతోషం కోసం రాశారనుకోండి. ఊదించే ఆవిడని అందరం ఊదక్క అంటాం. ఆమెకి అసలు పేరొకటి ఉంది, మెడలో వేలాడే కార్డు మీద అచ్చువేసి మరీ ఉంది. ఎవరూ చదవరు. నాకంటే అయిదారేళ్ళు చిన్నది. అయినా నాకూ అక్కే, రేపో మాపో రిటైరయ్యేవాళ్ళకీ అక్కే.

అది వెక్కిరింపుగా పుట్టిన పేరు. పుట్టించింది నేనే. ఆ సంగతి ఆమెకి మొదటినుంచీ తెలుసునని నాకు చాలాకాలం తెలియలేదు.

ఆమె గది టైర్ల స్టోరుకీ ఆఫీసుకీ మధ్య ఉంటుంది. ఒకప్పుడు అందులో పాత బ్యాటరీలు పడేసేవాళ్ళు. యాసిడ్ మరకలు ఇప్పటికీ నేల మీద ఉన్నాయి. ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడ గడియారం, సొరుగు నిండా విడివిడిగా కవర్లలో చుట్టిన ప్లాస్టిక్ గొట్టాలు. మనం లోపలికి వెళ్ళగానే మన కళ్ళముందే కవరు చింపి కొత్త గొట్టం మిషనుకి తగిలిస్తుంది. “ఊదండి, ఊదండి, ఊదండి, ఇంకా, ఇంకా... చాలు.” మిషను కుయ్యిమంటుంది. సున్నా చూపిస్తుంది. పేరు, నంబరు, టైము, సంతకం. తర్వాతివాడు రావాలి. రోజుకి నూటనలభై మందితో ఇదే మాట, ఇదే గొంతు. పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా “నువ్వేనా, తెలిసినవాడివేలే, వెళ్ళు” అనలేదు.

ఆ ముక్కే నాకు గిట్టేది కాదు. ముప్పై ఏళ్ళ సర్వీసు నాది. మందు వాసన కూడా పడని మనిషిని. రోజూ దొంగని నిలబెట్టినట్టు నిలబెట్టి ఊదమంటే ఒళ్ళు మండేది. ఒకసారి అననే అన్నాను.

“ఏం అక్కా, నా మొహం చూస్తే తాగుబోతులా ఉన్నానా?”

“మొహం చూడను అన్నా, అంకె చూస్తాను. ఊదండి.”

ఆమె పద్ధతి అది. కొట్టినట్టు ఉండదు, జోకొట్టినట్టూ ఉండదు. ఒకసారి మాలో ఒకడు దగ్గుమందు తాగి వచ్చి ఊదాడు. సున్నా ఉండాల్సిన చోట ఇంకో అంకె కనిపించింది. వాడికి కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు. ఆమె తొణకలేదు. “కూర్చోండి. పదిహేను నిమిషాలు నోట్లో ఏమీ వేసుకోవద్దు. మళ్ళీ ఊదుదాం” అని తలుపు వేసేసి మమ్మల్నందర్నీ వరండాలో నిలబెట్టింది. ఏమైందక్కా అంటే “పని ఉంది” అంది. పదిహేను నిమిషాల తర్వాత సున్నా వచ్చింది, వాడు బండెక్కాడు. దగ్గుమందు సంగతి వాడు చెబితేనే మాకు తెలిసింది. ఇంకొకడి విషయంలో రెండోసారి కూడా అంకె తగ్గలేదు. వాడు నెలల తరబడి కనిపించలేదు, చికిత్సకి వెళ్ళాడు. ఎందుకు కనిపించడం లేదో మేం ఎన్ని రకాలుగా గుచ్చి అడిగినా ఊదక్క నోరు విప్పలేదు. వాడు తిరిగొచ్చాక తానే చెప్పుకున్నాడు. ఇప్పుడు బడిపిల్లల బండి నడుపుతున్నాడు. మా చెల్లెలి పిల్లలు అందులోనే వెళ్తారు. ఆ పిల్లలు సాయంత్రం క్షేమంగా ఇంటికి చేరినప్పుడల్లా నేను ఎవరికి దణ్ణం పెట్టుకోవాలో నాకిప్పుడు తెలుసు. అప్పుడు తెలియదు.

ఊదడం రోజూ ఉండేదే. దానికి తోడు అప్పుడప్పుడు మత్తుమందుల పరీక్ష ఉంటుంది. హెడ్డాఫీసులో కంప్యూటరు చీటీ తీసినట్టు కొన్ని నంబర్లు తీస్తుంది. అవి సీలు వేసిన కవరులో వస్తాయి. నంబరు తగిలినవాడు ఉన్నపళంగా ఊదక్క గదికి వెళ్ళి, పక్క గదిలో కప్పులో ఒంటికి పోసి ఇవ్వాలి. ఆ పక్క గది చూడాలి మీరు. కుళాయికి టేపు చుట్టి ఉంటుంది. సబ్బు ఉండదు. కమోడులో నీళ్ళకి నీలంమాత్ర వేస్తారు, ఎవరూ నీళ్ళు కలిపి మోసం చేయకుండా. ఆమె తలుపు బయట నిలబడుతుంది. నియమం ఒక్కటే: పిలిస్తే రాకపోయినా, వచ్చి ఇవ్వనని మొరాయించినా, మత్తులో దొరికినట్టే లెక్క. స్టీరింగు మీద నుంచి దింపేస్తారు. మళ్ళీ ఎక్కించరు.

ఆ మధ్యాహ్నం కవరులో ఎనిమిది నంబర్లు వచ్చాయి. అందులో ఒకటి నాది.

అప్పుడే ట్రిప్పు దిగాను. వచ్చే దారిలో చివరి స్టాపులో దిగి ఒంటికి వెళ్ళొచ్చాను కూడా. నా ఖర్మ కాకపోతే ఆ ఒక్కరోజే దిగాలా? బస్సు డ్రైవరు విద్యల్లోకెల్లా గొప్ప విద్య ఆపుకోవడం. గేర్లూ బ్రేకులూ ఆర్నెల్లలో వస్తాయి. నిండు బస్సుని నడిరోడ్డు మీద ఆపి దిగలేక, మూడు గంటలు పళ్ళు బిగబట్టి కూర్చోవడం రావాలంటే మాత్రం ఏళ్ళు పడుతుంది. అలా ముప్పై ఏళ్ళు రావద్దు రావద్దని బుజ్జగించినదాన్ని ఆవేళ రమ్మన్నాను. వస్తుందా?

కప్పు పట్టుకుని లోపల నిలబడ్డాను. నీలంనీళ్ళు చూశాను. టేపు చూశాను. గోడమీద పలకలు లెక్కపెట్టాను. ఖాళీ కప్పుతో బయటికొచ్చాను.

“పర్వాలేదన్నా. మూడు గంటలు టైముంది. నీళ్ళు తాగండి” అని ఊదక్క గడియారం చూసి రాసుకుంది. ఒంటిగంటా పది.

నీళ్ళకి కూడా లెక్కేనట. మూడు గంటల్లో లీటరు దాటకూడదు. ఆమె గ్లాసుతో కొలిచి ఇస్తుంటే తాగాను. మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ ఖాళీ. ఈలోగా మిగతా ఏడుగురూ వచ్చి, ఇచ్చి, చేతులు దులుపుకుని పోయారు. వాళ్ళ నోళ్ళు ఊరుకుంటాయా? కిటికీలోంచి ఒకడు, “అన్నా, ట్యాంకు ఖాళీయా? పంపు దగ్గరికి తోసుకెళ్ళమంటావా?” ఇంకొకడు, “గాలి పట్టిందేమో, పంపు కొట్టి చూడండ్రా!” మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చినట్టుంది నా పని. ఊదక్క లేచి కిటికీ మూసింది. నాకు అది కూడా తప్పుగానే కనిపించింది. జాలిపడుతోందనిపించింది.

నాలుగూ పది అయింది. రాలేదు.

“కాగితం రాస్తానన్నా. వచ్చారు, ప్రయత్నించారు, కుదరలేదు అని. అయిదు రోజుల్లో డాక్టరుకి చూపించుకోవాలి. ఒంట్లో ఏదైనా కారణం ఉందని ఆయన రాసిస్తే మీ మీద ఏ మాటా ఉండదు. ఇక్కడ సంతకం పెట్టండి.”

“నాకు రోగమా?”

“అని కాదన్నా...”

“ముప్పై ఏళ్ళలో ఒక్క గీత పడలేదు నా బండికి. ఒంటికి రాలేదని డాక్టరా నాకు?”

“సంతకం పెట్టండన్నా. మీ మంచికే.”

రెండోసారి అడిగింది. నేను ఆ పెన్ను తీసుకుని గోడకేసి కొట్టి వచ్చేశాను. దాని మూత పగిలిన చప్పుడు వరండాలోకి వినిపించింది. కోపం వస్తే నాకు కళ్ళు కనపడవని మా ఆవిడ అంటుంది. చెవులు మాత్రం పనిచేస్తాయని ఆవేళ తెలిసింది.

తర్వాత జరిగింది ఆమె నాకు పూసగుచ్చినట్టు చెప్పింది కాబట్టి చెబుతున్నాను. నేను వెళ్ళాక ఆమె పగిలిన మూత ఏరింది. నన్ను సంతకం పెట్టమన్న పెద్ద కాగితం మీద టైములూ నీళ్ళ లెక్కా అన్నీ ఉన్నాయి, సంతకం లేదు. సంతకం కోసం దాన్ని పక్కన పెట్టింది. ఇక మిగిలింది ఆరోజు జాబితా. ఎనిమిది నంబర్లు, ఒక్కో నంబరుకీ ఎదురుగా అంగుళమంత గడి. ఏడు గడుల్లో ‘ఇచ్చారు’ అని రాసింది. నా గడిలో ఇలాంటప్పుడు రాసే ముక్క, ‘శాంపిల్ ఇవ్వలేకపోయారు’, పట్టదు. గబుక్కున ‘రాలేదు’ అని రాసి పంపేసింది.

హెడ్డాఫీసులో గుమాస్తా దాన్ని మీరూ నేనూ చదివినట్టే చదివాడు. ఏడుగురు ఇచ్చారు, ఒకడు రాలేదు.

మూడో రోజు ఉదయం డిపో నుంచి కబురు. వెళ్తే చేతిలో ఒక ఉత్తరం పెట్టారు. పరీక్షకు పిలిచినా హాజరు కానందున నిరాకరించినట్టుగా భావిస్తున్నాం, ఆరో రోజున విచారణకి రావలెను, అంతవరకు బండి ముట్టరాదు. గోరుచుట్టు మీద రోకలిపోటు. నేను ఆ ఉత్తరం పట్టుకుని ఊదక్క గదిలో పడ్డాను. వరసలో పదిమంది ఉన్నారని కూడా చూడలేదు.

“రాలేదని రాశావా? మూడు గంటలు నీ ఎదురుగా కూర్చున్నానా లేదా? లీటరు నీళ్ళు తాగించావా లేదా? నేను రాలేదా?”

ఆమె ఉత్తరం చదివింది. జాబితా నకలు తీసి చూసింది. మొహం తెల్లబోయింది.

“అది... మీ గురించి రాసింది కాదన్నా.”

“మరి ఎవరి గురించి? మీ తాతగారి గురించా?”

ఆమె చుట్టూ చూసి, గొంతు తగ్గించి, “దాని గురించి” అంది.

వెనక వరసలో ఎవడో కిసుక్కుమన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. అందరూ బయటికి వెళ్ళాక బతిమాలాను. “చూడు, రాలేదు అన్నదానికి ముందు కాస్త చోటుంది. ‘మూత్రం’ అని ఇరికించు. చిన్న ముక్క. నీ దగ్గరున్న నకలు మార్చి, వాళ్ళదే సరిగ్గా అచ్చుకాలేదని చెప్పు.”

“పంపేసిన కాగితం మీద చెయ్యి పెట్టకూడదన్నా.”

“నా ఉద్యోగం పోతుందక్కా!”

“ఇవాళ మీ కోసం మారిస్తే, రేపు ఇంకొకళ్ళకి వ్యతిరేకంగా మార్చిందని ఎవరైనా అంటే నేనేం చెప్పాలి? తప్పు నాది. తప్పని వేరే కాగితం మీద రాసి ఇస్తాను. ముందు మీరు డాక్టరు దగ్గరికి పదండి. అయిదు రోజుల్లో ఇది మూడోది.”

“నీ రిజిస్టరు శుభ్రంగా ఉంటే చాలు, నా పొట్ట కొట్టినా పర్వాలేదు నీకు” అనేసి వచ్చేశాను. ఆ మాట వెనక్కి తీసుకునే వీలుంటే ఏమిచ్చైనా తీసుకునేవాణ్ణి.

మర్నాడు పొద్దున్నే ఆమె మా ఇంటికొచ్చింది. సెలవు పెట్టి వచ్చింది. నేను లోపలి గదిలోంచి రాలేదు. మా ఆవిడతో ఏం మాట్లాడిందో గాని, పది నిమిషాల తర్వాత మా ఆవిడ గుమ్మంలో నిలబడి, “ఆవిడ తప్పుని ఆవిడ దిద్దుకుంటోంది. మీ తప్పుని దిద్దేదెవరు? చొక్కా వేసుకోండి” అంది. ముప్పై ఏళ్ళుగా బండి నాదైనా ఇంట్లో హారను ఆవిడదే. చొక్కా వేసుకున్నాను.

డాక్టరు గది బయట బెంచీ మీద ఇద్దరం ఒక మనిషి పట్టేంత ఎడంగా కూర్చున్నాం. చివరికి ఆమే మొదలుపెట్టింది.

“మా నాన్న కూడా బస్సు డ్రైవరే అన్నా.”

నేను తల తిప్పాను.

“అప్పట్లో ఈ మిషన్లు లేవు. ఇన్‌స్పెక్టరు ముక్కే మిషను. ఒకరోజు ట్రిప్పు ఆలస్యమై నాన్న అన్నం తినలేదు. ఒంట్లో షుగరుంది, అప్పటికి తెలియదు. బండి దిగి రెండడుగులు వేసి తూలాడు. మాట ముద్దగా వచ్చింది. ఇన్‌స్పెక్టరు వాసన చూసి, కాగితం మీద ‘తూలుతున్నాడు’ అని రాశాడు. ఆ ఒక్క మాటే. ఎందుకు తూలాడో రాయలేదు. తాగలేదని నాన్న ఎంత మొత్తుకున్నా, నిప్పు లేనిదే పొగ రాదన్నారు. ఉద్యోగం పోయింది.”

“ఆ తర్వాత?”

“గోడౌనులో వాచ్‌మన్‌గా చేశాడు. ఇప్పుడు నా దగ్గరే ఉంటాడు. డెబ్బై ఆరు. ఇప్పటికీ వీధిలో నడిచేటప్పుడు నేల చూసుకుంటూ, తిన్నగా, కొలిచినట్టు అడుగులేస్తాడు. ఎవరైనా చూస్తున్నారేమోనని.” డాక్టరు గది తలుపు వైపు చూసింది. “ఊదే మిషను ఉద్యోగం ఉందనగానే నేను రక్తపరీక్షల ల్యాబు వదిలేసి అందుకే వచ్చాను. ఇలాంటి మిషను ఒక్కటి ఆవేళ ఉంటే మా నాన్న బతుకు వేరేగా ఉండేది. నిన్న రాత్రి మీ సంగతి నాన్నకి చెప్పాను. ‘రాలేదు అని రాశాను నాన్నా’ అంటే, ‘ఎవరు రాలేదమ్మా?’ అన్నాడు. ఆ ఇన్‌స్పెక్టరు చేసిందే నేనూ చేశానని అప్పుడు తెలిసింది.”

ఈవిడ మా చేత రోజూ ఊదించేది మమ్మల్ని దొంగలనుకుని అని పదకొండేళ్ళు అనుకున్నాను. మా ఒక్కొక్కరి పేరు పక్కనా ఒక సున్నా రాసిపెట్టి, రేపు ఎవరి ముక్కూ మా మీద మాట అనకుండా కాపలా కాస్తోందని ఒక్కరోజు తట్టలేదు.

డాక్టరు కడుపు మీద చల్లటి జిగురు రాసి స్కానింగ్ చేశాడు. వెళ్ళి రమ్మన్నాడు. ఎలాగో కొంచెం వచ్చింది. మళ్ళీ చేశాడు.

“ఎన్నేళ్ళుగా ఆపుకుంటున్నారు?”

“ముప్పై ఏళ్ళుగా డ్రైవరునండీ.”

“నేనడిగింది ఉద్యోగం గురించి కాదు.”

“రెండూ ఒకటేనండీ” అన్నాను.

ఆయన నవ్వాడు గాని కాగితం మీద రాసింది నవ్వులాటగా లేదు. లోపల గ్రంథి వాచి దారికి అడ్డంపడిందట. వెళ్ళొచ్చాక కూడా సగం లోపలే ఉండిపోతోందట. ఇంకో ఏడాది ఇలాగే లాక్కొస్తే మూత్రపిండాలు దెబ్బతినేవట. ఇప్పుడైతే మందులతో సరిపోతుందన్నాడు. “అసలు మిమ్మల్ని తీసుకొచ్చిందెవరు? మీ వయసువాళ్ళు తమంతట తాము రారే” అన్నాడు. నేను బయట బెంచీ చూపించాను.

ఆరో రోజున విచారణ. బల్ల వెనక ముగ్గురు, మధ్యలో పెద్ద ఆఫీసరు. ఆయన ముందు ఆ జాబితా, మేజోళ్ళ కొట్టులో బిల్లంత కాగితం. నా ముప్పై ఏళ్ళు ఆ అంగుళం గడిలో ఉన్నాయి. ఊదక్క నిలబడింది.

“స్పష్టంగానే ఉంది కదమ్మా. రాలేదు అని నువ్వే రాశావు.”

“స్పష్టంగా లేదండీ. అందులో కర్త లేదు.”

“ఏం లేదు?”

“కర్తండీ. ఎవరు రాలేదో, ఏది రాలేదో రాయలేదు. వచ్చాడు, వచ్చింది అయితే తేడా తెలుస్తుంది. రాలేదు అంటే మనిషైనా రాలేదే, మరొకటైనా రాలేదే. తొందరలో కర్తని వదిలేశాను. తప్పు నాది. ఈయన ఒంటిగంటా పదికి వచ్చాడు. నాలుగూ పదిదాకా నా ఎదురుగా కూర్చున్నాడు. మనిషి వచ్చాడండీ. మూత్రమే రాలేదు.”

పెద్ద ఆఫీసరు రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గాడు. అది దగ్గు కాదని అందరికీ తెలుసు. పక్కాయన కిటికీ వైపు తిరిగాడు. ఒంటి విషయం గురించి నన్ను చూసి జనం నవ్వుతుంటే నాకు కోపం రాకపోవడం అదే మొదటిసారి.

ఆఫీసరు సర్దుకుని, నా పెద్ద కాగితం తిప్పి చూశాడు. “టైములున్నాయి, నీళ్ళ లెక్కుంది. డ్రైవరు సంతకం లేదే? ఇది తర్వాత రాసింది కాదని ఏమిటి నమ్మకం? సంతకం నువ్వు అడగలేదా?”

ఆమె మాట్లాడలేదు. అబద్ధం చెప్పదు. నిజం చెబితే అది నా మెడకి చుట్టుకుంటుంది. నా వంక కూడా చూడలేదు. పదకొండేళ్ళుగా మా అందరి సంగతులూ దాచిపెట్టినట్టే నా కోపాన్ని కూడా దాచిపెడుతోంది.

నేను లేచాను.

“అడిగిందండీ. రెండుసార్లు అడిగింది. నేనే పెన్ను గోడకేసి కొట్టి వెళ్ళిపోయాను. మూత పగిలింది. చూడండి, ఆ చేతిలో ఉన్నది అదే పెన్ను.”

ముగ్గురూ ఊదక్క చేతిలో పెన్ను వైపు చూశారు. మూత చుట్టూ టేపు వేసి ఉంది.

డాక్టరు రాసిన కాగితం చూసి నా మీద కేసు కొట్టేశారు. కోపం తగ్గించుకోమని ఒక హెచ్చరిక కూడా రాశారు. అది న్యాయమే, ఫ్రేము కట్టించమని మా ఆవిడ అంటోంది. ఊదక్కకి మాత్రం నియమం ప్రకారం నెలరోజుల శిక్షణ పడింది. కాగితంలో తప్పు రాసినవాళ్ళు మళ్ళీ మొదటినుంచీ నేర్చుకుని పరీక్ష రాయాలి. అన్నేళ్ళ అనుభవమున్న మనిషి తన కూతురి వయసు పిల్లల పక్కన బల్ల మీద కూర్చుని కప్పుకి మూత ఎలా పెట్టాలో నేర్చుకుంది. నా వల్ల నీకీ తిప్పలు వచ్చిపడ్డాయక్కా అంటే, “నా మాట వల్ల నాకొచ్చింది. మంచిదేగా, వాక్యాలు నేర్చుకుంటాను” అంది.

ఆ నెల ఆమె కుర్చీలో ఎవరో ఒక అబ్బాయి వచ్చి కూర్చున్నాడు. మంచివాడే. కానీ తొందర ఎక్కువ, “వెళ్ళండి వెళ్ళండి” అనేవాడు. మూడో రోజుకే మావాళ్ళు గొణగడం మొదలుపెట్టారు. “ఊదక్కయితే సరిగ్గా చూసేదిరా.” సరిగ్గా చూడటం కూడా ఒక మర్యాదేనని అది లేనప్పుడు తెలిసింది.

ఈలోగా నేను వాళ్ళింటికి వెళ్ళాను. కృతజ్ఞత అన్న మాట నాకు నోట్లో తిరగదు. దాని బదులు ఒక కొత్త పెన్ను కొని తీసుకెళ్ళాను. ఆమె శిక్షణకి వెళ్ళింది. గుమ్మంలో వాళ్ళ నాన్నగారు కూర్చుని ఉన్నారు. బస్సు డ్రైవరునని చెప్పగానే కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. ఏ రూటు, ఏ బండి, క్లచ్చు గట్టిదా మెత్తదా, అన్నీ అడిగారు. లేచే ముందు గొంతు తగ్గించి అడిగారు.

“అది ఊదితే ఎలా ఉంటుంది బాబూ?”

“ఏముందండీ, బెలూను ఊదినట్టే.”

“ఊఁ” అన్నారు.

నేను దారంతా ఆ ‘ఊఁ’ గురించే ఆలోచిస్తూ వచ్చాను. ఊదక్క నియమం తప్పి ఎవరినీ ఊదనివ్వదు, కన్నతండ్రినైనా సరే. కానీ నియమాలు నాకూ కొన్ని తెలుసు. మిషను అంకెలు సరిచేయించుకోవడానికి వెళ్ళొచ్చినప్పుడల్లా, డ్యూటీలో లేని, తాగని మనిషి ఒకరి చేత ఊదించి, ట్రయల్ అని రాయాలి. ఎప్పుడూ స్టోరు గుమాస్తా ఊదుతాడు. మిషను ఎప్పుడు తిరిగొస్తోందని వాకబు చేశాను. ఆమె మళ్ళీ డ్యూటీలో చేరే రోజునే.

ఆరోజు నాకు పొద్దున పదింటి ట్రిప్పు. వాళ్ళ వీధి మొదట్లో స్టాపు ఉంది. ముందురోజే చెప్పి ఉంచాను కాబట్టి ఆయన ఇస్త్రీ చొక్కాతో నిలబడి ఉన్నారు. టిక్కెట్టు కొని, నా వెనక సీటులో కూర్చుని, దారంతా నా గేర్లు వింటూ వచ్చారు. ఒక మలుపు దగ్గర, “బాగా తిప్పావు” అన్నారు. ఉద్యోగంలో ఎన్ని మెమోలు తిన్నానో గాని ఎవరి చేతా ఆ మాట అనిపించుకోలేదు.

డిపోలో బండి ఆపాక ఆయన దిగారు. ఆవరణలో నడిచే దారికి పసుపు గీత ఉంది. ఆయన దాని మీదే నడిచారు, నేల చూసుకుంటూ, అడుగు తప్పకుండా. ఎవరూ ఆయన్ని చూడటం లేదు. నేను తప్ప.

ఊదక్క మిషను బల్ల మీద పెట్టి కూర్చుని ఉంది. నేను వాళ్ళ నాన్న చేతిలో పెట్టి వచ్చిన కొత్త పెన్నుకి దారం కట్టి, ఆ దారాన్ని బల్లకి కట్టింది. అది నా గురించేనని వేరే చెప్పక్కర్లేదు. తండ్రిని చూసి లేచి నిలబడింది.

“నాన్నా? నువ్వేంటి ఇక్కడ?”

“ట్రయల్‌కి మనిషి కావాలి కదక్కా” అన్నాను. “డ్యూటీలో లేడు. తాగడు. నియమం ఒప్పుకుంటుంది. చూసుకో.”

ఆమె నా వంక చూసింది. ఆయన వంక చూసింది. సొరుగు తెరిచి, ఆయన కళ్ళముందే కవరు చింపి, కొత్త గొట్టం తగిలించింది. అందరికీ పట్టినట్టే పట్టింది. గొంతు మాత్రం అందరికీ వచ్చినట్టు రాలేదు.

“ఊదు నాన్నా. ఊదు, ఊదు, ఇంకా...”

మొదటిసారి ఊపిరి చాలలేదు. మిషను పలకలేదు. ఆయన బల్ల అంచు పట్టుకుని, కళ్ళు మూసుకుని మళ్ళీ ఊదారు. వరండాలో మావాళ్ళు ఏడెనిమిది మంది తలలు వంచి చూస్తున్నారు. ఈసారి ఎవడూ జోకు వేయలేదు. మిషను కుయ్యిమంది. ఊదక్క దాన్ని ఆయన వైపు తిప్పింది. సున్నా.

ఆమె రిజిస్టరులో రాసింది. రాసిందాన్ని నియమం ప్రకారం ఆయనకి చూపించింది. నేను పక్కనుంచి చదివాను. ‘మా నాన్న ఊదారు. మా నాన్న తాగలేదు.’ రెండు వాక్యాలకీ కర్త ఉంది.

ఆయన దారం కట్టిన పెన్నుతో నిదానంగా సంతకం పెట్టారు. పెట్టి, ఆ సున్నా వైపు ఇంకోసారి చూశారు.

“ఇంతేనా అమ్మా?” అన్నారు.